చదువు పెరిగితే పళ్లు, కూరలు ఎక్కువ కొంటారా?

పరీక్షల్లో చాలామంది అభ్యర్థులు అవుననే రాస్తారు. అది సగం జవాబే. 2022-23 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం నెలవారీ తలసరి ఖర్చు పల్లెల్లో రూ.3,773, పట్టణాల్లో రూ.6,459. అందులో కూరగాయల వాటా పల్లెల్లో 5.38 శాతం, పట్టణాల్లో 3.80 శాతం. వాటా తగ్గినంత మాత్రాన పట్టణవాసి కూరలు తగ్గించాడనుకోవద్దు. ఆదాయం పెరిగేకొద్దీ ఆహారం వాటా తగ్గుతుందని గణాంకవేత్త ఎంగెల్ 1857లోనే చెప్పాడు. రూపాయల్లో చూస్తే, పల్లె నుంచి పట్టణానికి వచ్చేసరికి కూరల ఖర్చు దాదాపు 203 నుంచి 245కి, పళ్ల ఖర్చు 140 నుంచి 246కి పెరిగింది. కానీ పానీయాలు, ప్రాసెస్డ్ ఆహారం ఖర్చు 363 నుంచి 687కి ఎగబాకింది. అక్షరాస్యత ఎక్కువున్న పట్టణాల్లోనే ఈ ఖర్చు ఇంత ఎక్కువ ఉందంటే, చదువొక్కటే పళ్లెం మార్చదనిపిస్తుంది.

పట్టణంలో ధరలూ ఎక్కువే, ఈ పోలిక చదువు ప్రభావాన్ని విడదీయదు కదా అనవచ్చు. నిజమే. అందుకే ఒకే ఆదాయమున్న ఇళ్లను పోల్చాలి. అప్పుడు చదువుతో పాటు డబ్బు ఎవరి చేతిలో ఉంది, అంగడి ఎంత దూరమన్నవీ లెక్కలోకి వస్తాయి. కొనాల్సినదీ తక్కువేం కాదు: హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పళ్లు సూచించింది. నలుగురున్న ఇంటికి అది రోజుకు రెండు కిలోలు. ఫ్రిజ్ లేని కూలీ ఇంట్లో పొద్దున తెచ్చిన తోటకూర కట్ట సాయంత్రానికే వాడిపోతుంది. పోషకాల గురించి ఆ తల్లికి ఎంత తెలిసినా, రోజుకూలి వచ్చాకే సంచి పట్టాలి. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన రైతు బజార్లను ఈ కోణంలోనే చదవాలి: దళారి లేని ధర, ఇంటికి దగ్గరి అంగడి ఉన్నప్పుడే చదువు నేర్పిన ఎంపిక కొనుగోలుగా మారుతుంది.