మాటలో మడిచిన కథ

దేవాలయ నిర్మాణమునకో, అన్నదానమునకో తన శక్తికొలది ద్రవ్యమును సమర్పించు గృహస్థుడు "ఏదో, ఉడుతాభక్తి" అని చేతులు జోడించుట తెలుగునాట పరిపాటి. రసీదు వ్రాయు గుమాస్తా ఆ మాటకు అర్థమడుగడు. ఇచ్చినవాడును వివరింపడు. సముద్రమునకు సేతువు కట్టుచున్న వానరసేన, కొండలు మోయు ఆ వీరుల కాళ్ల నడుమ ఇసుక రేణువులను మోసిన చిన్న ప్రాణి, దానిని జూచి కరుణించిన శ్రీరామచంద్రుడు, ఇంతయు ఆ ఒక్క మాటలో మడిచి పెట్టబడియున్నది. కథ ఇరువురికిని తెలిసినదే కావున విప్పి చూపవలసిన పని లేకపోయినది.

ఇట్లు పూర్వకథను పూర్తిగా చెప్పక, ఒక పేరుతోనో ఒక వస్తువుతోనో తలపునకు దెచ్చుటయే కథాసూచనము. భగీరథప్రయత్నము, రామబాణము, కుచేలుని అటుకులు, శబరి ఎంగిలి, లక్ష్మణరేఖ మున్నగునవి దొర్లని తెలుగు సంభాషణము అరుదు. వార్తాపత్రికల శీర్షికలలోను, చలనచిత్రములలోను, రాజకీయ ప్రసంగములలోను ఇవియే వినవచ్చుచుండును. అయితే మాట నిలిచి కథ మరుగుపడుట నేడు అనేక గృహములలో జరుగుచున్నది. ఉడుతాభక్తి యనగా నేమని అడిగినచో, కొంచెము డబ్బు ఇచ్చుట యని బదులు చెప్పు బాలురు గలరు. అది వారి దోషము కాదు. వారికి చెప్పినవారు లేరు.

ఇందు ముందుగా తీర్చుకొనవలసిన సందేహమొకటి కలదు. ఈ కథలు ఏ గ్రంథములోనివి? వాల్మీకి రామాయణ యుద్ధకాండమున నలుడు ఐదు దినములలో నూరు యోజనముల సేతువును నిర్మించిన వైనము, ఏ దినమున ఎన్ని యోజనములో లెక్కతో సహా కలదు. ఉడుత లేదు. అరణ్యకాండమున శబరి స్వామి కొరకు వనమున దొరకు ఫలాదులను సేకరించి యుంచినది గాని, కొరికి రుచి చూచినట్లు లేదు. సీతాదేవిని విడిచి పోవునపుడు లక్ష్మణుడు ఆమెను వనదేవతల రక్షణకు అప్పగించి వెడలెను గాని, గీత గీయలేదు. తెలుగువారికి ఆ గీతలును, ఈ ఉడుతయు 13వ శతాబ్దమునాటి రంగనాథ రామాయణమున లభించుచున్నవి. గోన బుద్ధారెడ్డి రచించిన ఆ ద్విపద కావ్యము పాడుకొనుటకు అనువైనది. తోలుబొమ్మలాట వారు దానిని ఊరూర వినిపించిరి. అక్షరము రానివారికి సైతము అది కంఠస్థమయ్యెను.

మూలమున లేదను కారణము చేత ఈ మాటలను త్రోసిపుచ్చు పండితులు లేకపోలేదు. అది న్యాయముగ తోపదు. సూచనమునకు ఆధారము జనుల స్మృతి. ఆ స్మృతి ఏ కావ్యమున వేరూనినదో ఆ కావ్యమే దానికి మూలము. 1957లో విడుదలయైన 'మాయాబజారు' చిత్రమునకు ఆధారమైన శశిరేఖాపరిణయము వ్యాసభారతమున లేదు. అయినను, పింగళి నాగేంద్రరావు ఆ చిత్రమున వాడిన 'వీరతాడు' నేటికిని, ఎవరేని ఘనకార్యము చేసినపుడు, నవ్వుచు మెడలో వేయబడుచునే యున్నది. ఘటోత్కచుని కొలువును చూడనివానికి ఆ నవ్వు అందదు, అంతే.

ఉడుత విషయమున మాత్రము శ్రీవైష్ణవులకు ఇంతకంటె ప్రాచీనమైన సాక్ష్యము ఇంటిలోనే కలదు. తొండరడిప్పొడి యాళ్వారులు, అనగా భక్తాంఘ్రిరేణువు, తెలుగువారు సారంగు తమ్మయ్య వైజయంతీవిలాసము వలనను, 1954 నాటి చలనచిత్రము వలనను ఎరిగిన విప్రనారాయణులే. వారు శ్రీరంగనాథునిపై పాడిన 'తిరుమాలై' నలుబదియైదు పాశురముల ప్రబంధము. (ఈ పేరునకు పవిత్రమైన మాల యని అర్థము. దీర్ఘమును గమనింపక తిరుమల యని చదువుకొనువారు కలరు.) అందలి ఇరువదియేడవ పాశురమున ఉడుతలు కనిపించును. అవి నీట మునిగి, ఇసుకలో పొర్లి, కడలిని పూడ్చుటకై పరుగెత్తును. వీపుపై మూడు చారల ముచ్చట అచ్చట లేదు. కపటమెరుగని ఆ ప్రాణుల పరుగు మాత్రమే కలదు.

ఆళ్వారులు దానిని తలచిన తీరు గమనింపదగినది. తాము ఉడుత వంటివారమని వారు చెప్పుకొనలేదు. ఆ ఉడుతపాటియు కాలేకపోతినని, మ్రాను వలె కఠినమైన హృదయముతో స్వామి సేవ చేయక చెడితినని వాపోయిరి. లోకవ్యవహారమున ఉడుత అల్పత్వమునకు గుర్తు. పాశురమున అది అందుకొనరాని ఎత్తు. ఎట్లనగా, ఉడుత తెచ్చినది చిటికెడు ఇసుకయే కావచ్చును. కాని దానిని తెచ్చుటకు ఒడలంతయు తడుపుకొని, ఒడలంతయు పొర్లించుకొని వచ్చినది. అంతకు మించి ఇచ్చుటకు దాని యొద్ద ఏమియు లేదు. పెట్టెలో వేలు దాచుకొని, నూటపదార్లు చేతబట్టి ఉడుత పేరు చెప్పుట ఆ ప్రాణికి కొంత అన్యాయమే.

ఇక తిరుమల యాత్రికులకు నిత్యపరిచితమైన ఉదాహరణము అన్నమాచార్యుల (1408–1503) 'కొండలలో నెలకొన్న' సంకీర్తనము. ఇది వినని తెలుగు ఇల్లు లేదు. పల్లవి పసిపిల్లలకును అర్థమగును. చరణములకు వచ్చుసరికి కురువనంబి, తొండమాను, అనంతాళువారు, తిరుమలనంబి, కంచి నంబి అని వరుసగా పేర్లు వచ్చును. కథలు తెలియనివారికి ఇవి అర్చన వేళ ఇతరుల గోత్రనామముల వలె చెవినిబడి పోవుచుండును.

కురువనంబి కుమ్మరి. దినమంతయు సారె చెంతనే కూర్చుండు వానికి పూలు కోసి తెచ్చు తీరిక లేదు. చేతికంటిన మట్టితోనే పూలు చేసి, ఇంటనున్న స్వామి ప్రతిమకు సమర్పించెడివాడు. తొండమాను చక్రవర్తి బంగారు పూలతో అర్చించి గర్వించుచుండగా, ఆ బంగారు పూల నడుమ మట్టి పూలు కానవచ్చెను. కారణము తెలిసి చక్రవర్తి కుమ్మరి గుడిసెను వెదకికొనుచు పోయెను. వేంకటాచల మాహాత్మ్యము ఈ భక్తుని భీముడని పేర్కొనును. అన్నమయ్య ఇరువురను ఒకే చరణమున నిలిపి, ముందు కుమ్మరిని, వెనుక చక్రవర్తిని పలికెను. ఆ వరుస యాదృచ్ఛికమని తలంప వీలులేదు.

అనంతాళువారు భగవద్రామానుజుల ఆజ్ఞచే తిరుమలలో పుష్పకైంకర్యమునకు వచ్చినవారు. నందనవనమునకు చెరువు త్రవ్వుచు, నిండు చూలాలగు భార్య మట్టి మోయుచుండ, ఇతరుల సాయమును అంగీకరింపలేదు. ఒక బాలుడు వచ్చి, ఆయనకు తెలియకుండ ఆమె తట్టను అందుకొని మోసెను. తెలిసి కోపించి గునపము విసరగా అది బాలుని గడ్డమునకు తగిలెను. తరువాత సన్నిధిలో స్వామి గడ్డమునుండి నెత్తురు కారుట చూచి ఆయన పరితపించి పచ్చకర్పూరమద్దెను. ఆ గునపము మహాద్వారము చెంత నేటికిని యాత్రికులకు కానవచ్చును. ఇంత కథను అన్నమయ్య ఒక పాదమున ముగించుచు 'వెట్టి' యను మాటను ప్రయోగించెను. కూలి లేక పరులకు చేయు చాకిరి వెట్టి. పదునాలుగు భువనముల ప్రభువు వెట్టికి మట్టి మోసెననుటలో ఎంత ఆర్ద్రత గలదో, ఆ మాటకు అర్థము తెలిసి వినువారే ఎరుగుదురు.

తిరుమలనంబి రామానుజుల మేనమామ. పాపవినాశము నుండి తీర్థము మోసి తెచ్చు ఆయనను స్వామి బోయ రూపమున తాతా యని పిలిచి దాహమడిగెనని, ఆపై ఆకాశగంగను చూపెనని పెద్దలందురు. కంచి నంబి వరదరాజస్వామికి ఆలవట్టము వీచుచు ఆయనతో మాటలాడిన మహనీయుడు. ఈ చరణములన్నిటను వాక్యమునకు కర్త స్వామియే. వరములిచ్చినవాడు, మట్టి మోసినవాడు, మాటలాడినవాడు, రప్పించుకొన్నవాడు ఆయనయే. భక్తులేమి చేసిరను సంగతి వినువారి స్మృతికి విడువబడినది.

అన్నమయ్యకు కొన్ని శతాబ్దములకు పూర్వము ఇదే సామగ్రిని మరొక విధముగ వాడిన స్త్రీ యొకతె గలదు. తామ్రపర్ణీ తీరమున, మధురకవి యాళ్వారుల జన్మస్థలమైన తిరుక్కోళూరులోనికి రామానుజులు (1017–1137) ప్రవేశించుచుండగా, ఆమె మూట నెత్తినబెట్టుకొని ఆ ఊరు విడిచి పోవుచుండెను. నమ్మాళ్వారులు తిరువాయ్మొళి ఆరవ శతకమున, కూతురు తప్పక తిరుక్కోళూరే చేరియుండునని తల్లి పలికినట్లు పాడియున్నారు. దానిని మనసునందుంచుకొని రామానుజులు, అందరును చేరగోరు ఊరు నీకు విడిచిపోవు ఊరైనదా యని అడిగిరి. ప్రశ్నయే కథాసూచనము. వినినది పండితురాలు కాదు, గ్రామస్త్రీ. అయినను ఆమెకు అందినది.

ఆమె ఎనుబదియొక్క వాక్యములతో బదులు చెప్పినది. తిరుక్కోళూరు పెణ్‌పిళ్ళై రహస్యమని సంప్రదాయమున ప్రసిద్ధమైనది ఇదియే. అక్రూరుని వలె స్వామిని పిలుచుకొని వచ్చితినా? విదురుని వలె నా ఇల్లు ఒసగితినా? ఇట్లు ఒక్కొక్క వాక్యమున ఒక్కొక్క భక్తుడు. అంతటను గలడనిన ప్రహ్లాదుడు ఒకచోట రాగా, ఇక్కడ లేడనిన దధిభాండుడు మరొకచోట వచ్చును. ఈ రెండవ కథ భాగవతమున కానరాదు. యశోదకు భయపడి తన ఇంట పెద్ద కుండలో దాగిన కృష్ణుని గూర్చి, ఇచ్చట లేడని బొంకి పంపి, తనకును తన కుండకును మోక్షమిచ్చిన గాని బయటికి రానీయనని పట్టుబట్టినవాడు దధిభాండుడు. కలడని ఒకడు, లేడని ఒకడు పలికి, ఇరువురును తరించిరి. అట్టిదేదియు తనకు లేదని ఆమె దుఃఖము. మట్టిపూల కురవనంబియు, స్వామితో మాటలాడిన కంచి నంబియు ఆ వరుసలో కలరు. అన్నమయ్య స్వామి చేసిన దానిని చెప్పిన చోట, ఈమె తాను చేయనిదానిని చెప్పినది.

కుందేటి పెంటిక పొలములోనున్నను గట్టుపైనున్నను ఒక్కటే గదా, తానెచ్చట నుండిన నేమియని ఆమె ముగించినది. రామానుజులు ఒక్క సూచనమునకును వివరణము అడుగలేదు. ఆమెను వెంటబెట్టుకొని ఊరిలోనికి మరలి, ఆ పూట ఆమె ఇంటనే వంట చేయించుకొని ఆరగించిరి.