త్రాగుడు విడువగోరువానికి తగిన కూటము

పాఠ్యభాగములు: మార్కు 2:1–12, యాకోబు 5:16

కపెర్నహూములోని పక్షవాయువు గలవాని వృత్తాంతమును మనము అనేక పర్యాయములు వినియున్నాము. వానిని మోసినవారు నలుగురు. వాకిట జనము క్రిక్కిరిసియుండగా వారు మిద్దె యెక్కి, కప్పులో దారిచేసి, వానిని లోనికి దించిరి. రోగి తనంతట తాను రాలేడు. ఏ యింటికి తేవలెనో మోయువారికి తెలిసియుండవలెను. ఈ నెల మేము విచారింపదలచినది ఈ రెండవ సంగతినే.

నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో స్త్రీలు సారాయిమీద లేచిన సంగతి మన తల్లులు ఇంకను చెప్పుకొనుచుందురు. ఆ పోరాటమువలన 1993 అక్టోబరు 1న సారా నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చి, 1997లో సడలిపోయెను. అంగడి మూసినను తెరచినను, అలవాటుపడిన శరీరము అడుగుచునే యుండును. ఒట్టు పెట్టించుట చాలదు. క్రిస్మసు రాత్రి బైబిలుమీద చేయివేసినవారు సంక్రాంతికే సీసా పట్టుట మీరును చూచియున్నారు.

కూటమునకు ముందు వైద్యుడు. ఏండ్ల తరబడి ప్రతిదినము త్రాగినవాడు ఒక్కసారిగా మానినయెడల, మొదటి రెండు మూడు దినములలో వణకు, చెమటలు, మూర్ఛ, లేనివి కనబడుట కలుగవచ్చును. ప్రాణమునకే ముప్పు రావచ్చును. దానిని దయ్యమని తలంచి గదిలో కట్టివేయకుడి. ప్రార్థించుచునే ఆసుపత్రికి కొనిపొండి. భర్త కూరలో రహస్యముగా కలుపుమని అమ్ము పొడులను కొనకుడి. మద్యమునకు పడని మందు అందులో ఉండి, అతడు తెలియక దానిపై త్రాగినయెడల గుండెకు అపాయము.

ఇక కూటముల సంగతి. ఆల్కహాలిక్స్ అనానిమస్, అనగా ఏ.ఏ., 1935లో అమెరికాలోని అక్రన్ పట్టణములో ఆరంభమాయెను. న్యూయార్కునుండి వ్యాపారముపై వచ్చిన బిల్ విల్సన్ త్రాగుడు మాని కొలది నెలలే అయినది. పని చెడి, మనస్సు క్రుంగి, హోటలులో శోధనకు లోనై, పానశాలవైపు పోక ఒక సంఘకాపరికి ఫోను చేసెను. దానివలన డాక్టరు బాబ్ స్మిత్ అను త్రాగుడుకు లోబడిన వైద్యునితో పరిచయము కలిగెను. బిల్ ఆయనకు ఉపదేశము చేయలేదు. తన సంగతి తాను చెప్పుకొనెను. తొలినాటి అక్రన్ సభ్యులకు యాకోబు పత్రిక మిక్కిలి ప్రియము. ఒకరితో ఒకరు తమ తప్పిదములను ఒప్పుకొనుటను గూర్చి యాకోబు వ్రాసినది వారు ఆచరించి చూచిరి. మన దేశములో ఈ కూటములు 1950ల చివరనుండి జరుగుచున్నవి. రుసుము లేదు. మానవలెనను కోరిక యొక్కటే అర్హత. పేరు బయటపెట్టరు.

“అచ్చట యేసు నామము చెప్పరట, మనవాడు వెళ్లవచ్చునా?” అని ఒక పెద్ద మమ్మునడిగెను. చెప్పరు, నిజమే. దేవుని గూర్చి ఎవరి యెరుకకొలది వారు తలంతురు. అయినను వెళ్లవలెననియే మా తీర్పు. సువార్త చెప్పు పని సంఘముది. దానిని ఆ కూటముమీద మోపనక్కరలేదు.

మా సంఘములోని కూలిపని చేయు సహోదరుడొకడు పట్టణములోని ఒక కూటమునకు పోయెను. మాటలు సగము ఇంగ్లీషు. తలుపు ప్రక్కనే కూర్చుండి, తిరిగివచ్చి, “ఇక పోనయ్యగారూ” అనెను. అది చెడ్డ కూటము కాదు, అతనికి తగినది కాదు, అంతే. ఇంకొకచోట తెలుగులో జరుగు కూటము దొరికెను. అచ్చట ఒక లారీ డ్రైవరు తన కథ చెప్పగా ఇతడు తల యెత్తి వినెను. నాలుగు వారములు పోయి, ఒక పెండ్లిలో త్రాగెను. అయిదవ వారము సిగ్గుతో మరల పోగా టీ ఇచ్చి కూర్చుండబెట్టిరి. ఇప్పటికి ఏడు నెలలు. రేపటి మాట మేము చెప్పము, అతడును చెప్పడు.

గనుక ఒక్కసారి చూచి విడువక, కొన్ని పర్యాయములైనను వెళ్లవలెను. తిరుగు బస్సు ఉన్నదా? భాష మనదా? మనవానికి అందరితోపాటు కుర్చీయు, అదే గ్లాసును ఇచ్చిరా? ఖర్చులకు ఇష్టమున్నవారు చిల్లర వేయుదురు. నిర్బంధముగా డబ్బు అడిగినను, మందు అమ్మజూచినను, విన్నది ఊరిలో చెప్పినను అచ్చటికి పోవద్దు. కొన్ని కూటములు త్రాగుడు సమస్య గలవారికే. బహిరంగ కూటములకు ఇంటివారును పోవచ్చును. చికిత్సకు, సలహాకు 14446కు గాని, మనోవ్యథకు 14416కు గాని ఖర్చులేకుండ ఫోను చేయవచ్చును.

భార్యల భారము వేరు. వారికొరకు బిల్ భార్య లోయిస్ మరియొక స్త్రీతో కలిసి 1951లో అల్-అనాన్ ఆరంభించెను. భర్త మానకపోయినను భార్య దానికి పోవచ్చును. మన ప్రాంతములో లేనిచోట స్త్రీల సమాజములో ఇద్దరు ముగ్గురు తల్లులు, నోరు కట్టుకొనగలవారు, ఆమెతో కూర్చుండిన చాలును.

సంఘ పెద్దలకు ఒక మనవి. ప్రభువు బల్లయొద్ద పులియని ద్రాక్షరసమునే అందరికి ఇయ్యుడి. అతనికి మాత్రము వేరు గిన్నె పెట్టకుడి. కూటపు దినమున సాయంకాల ప్రార్థన వేరొక దినమునకు మార్చుడి, ఏలయనగా ఆరుగంటల బస్సుకు అతనితోకూడ మీలో ఒకరు ఎక్కవలసియుండును.