మొదటి మాట చెప్పబోయే అల్లుడికి

టెక్కలి



ఈసారి శుభ శుక్రవారం ఆరాధనలో, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల్లో మొదటి మాట నీకిచ్చారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. పాపం, బలి, క్షమాపణ అన్న మూడింటినీ ఎక్కడ ముడివేయాలో నీకు తోచడం లేదట. అందుకే ఈ ఉత్తరం.

ముందు ఎదురుగా కూర్చునేదెవరో చూసుకో. మీ పలాస సంఘమంటే జీడి పిక్కలు కొట్టే ఆడవాళ్లే ఎక్కువ. జీడి రసం తగిలి వేళ్లు నల్లబడి, అరచేతుల తోలు ఊడినవాళ్లు. వాళ్ల ఇళ్లలోనూ, ఇరుగుపొరుగునా డయాలసిస్‌కి తిరిగేవాళ్లుంటారు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఇంతమందికి ఎందుకొస్తోందో ఇన్ని పరిశోధనలు జరిగినా గట్టిగా తేలలేదు. నీళ్లంటారు, ఎండలో చాకిరీ అంటారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు, హిరమండలం నుంచి తాగునీరు తెచ్చే పథకమూ అప్పుడే మొదలైంది. కారణం తెలియని జబ్బు దగ్గర "ఏం పాపం చేశారో" అనే మాట నోటికి తొందరగా వచ్చేస్తుంది.

యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టుగుడ్డివాణ్ని చూసి శిష్యులు అడిగిందీ అదే: పాపం వీడిదా, కన్నవాళ్లదా? ఎవరిదీ కాదన్నాడు యేసు. ఉమ్మితో మట్టి కలిపి వాడి కళ్లకు పూశాడు. మన సోంపేట ఆరోగ్యవరంలో కెనడా బాప్టిస్టు మిషన్ డాక్టరు బెన్ గల్లిసన్ చేసిందీ ఆ కోవలోని పనే. చూపు పోయినవాళ్ల పాపపుణ్యాలు లెక్కేయకుండా కళ్లకు ఆపరేషన్లు చేశారు. ఆయన పని గురించి విన్న కాల్గరీ వ్యాపారి ఆర్ట్ జెంకిన్స్ 1963లో ఆపరేషన్ ఐసైట్ సంస్థను మొదలుపెట్టారు. క్షమాపణ గురించి చెప్పేటప్పుడు జబ్బును మాత్రం పాపానికి ముడిపెట్టకు. డయాలసిస్ నుంచి నేరుగా గుడికొచ్చిన మనిషికి అది రెండో సూది.

ఇక బలి సంగతి. ఊరి అమ్మవారికి మొక్కు తీర్చడమంటే ఏమిటో మన ప్రాంతంలో చిన్నపిల్లలకూ తెలుసు. మనిషి తన మేకను తెచ్చి ఇస్తాడు. లేవీయకాండం 16వ అధ్యాయంలో రెండు మేకలుంటాయి. ఒకటి బలైపోతుంది. రెండోదాని తలమీద యాజకుడు చేతులుంచి, జనం పాపాలన్నీ ఒప్పుకొని, దాన్ని అడవిలోకి తోలించేస్తాడు. అది ఏటేటా జరగాల్సిందే. సువార్తకొచ్చేసరికి ఇచ్చే చెయ్యి మారిపోయింది. మనిషి తెచ్చుకోవాల్సిన బలిని దేవుడే ఇచ్చాడని క్రైస్తవుల విశ్వాసం. కోపంతో ఉన్న దేవుణ్ని యేసు రక్తమిచ్చి చల్లార్చాడన్నట్టు చెప్పే బోధకులున్నారు. వాళ్ల దారి పట్టకు. కొడుకును పంపిందే ఆ తండ్రి ప్రేమ అని యోహాను రాశాడు. దయ ముందు, బలి తర్వాత.

నీ వంతుకొచ్చిన మాటలోనే దానికి రుజువుంది. సైనికులు అప్పటికింకా బట్టల కోసం చీట్లు వేసుకుంటున్నారు. ఒక్కడూ పశ్చాత్తాపపడలేదు, క్షమించమని ఒక్కడూ అడగలేదు. అయినా "తండ్రీ, వీరిని క్షమించు" అని యేసు వాళ్ల కోసం వేడుకున్నాడు.

మరి క్షమాపణ ఊరికే దొరికేదైతే అంత బాధ దేనికని కుర్రాళ్లు అడుగుతారు. మత్తయి 18వ అధ్యాయం లెక్క చెప్పు. ఒక దాసుడు రాజుకు 10,000 తలాంతులు బాకీ. తలాంతు అంటే దాదాపు 6,000 దేనారాలు, దేనారమంటే ఒకరోజు కూలి. మొత్తం 6 కోట్ల రోజుల కూలి! రాజు ఆ బాకీ కొట్టేశాడు. పద్దులో గీత గీసినంత మాత్రాన సొమ్ము మాయమైపోదు కదా, ఆ నష్టం రాజుదే. జీడి ఫ్యాక్టరీలో అడ్వాన్సులు తీసుకున్నవాళ్లకు ఇది చిటికెలో ఎక్కుతుంది. అదే దాసుడు బయటికొచ్చి, 100 దేనారాలు బాకీ ఉన్న తోటివాడి గొంతు పట్టుకున్నాడు. ఆ ముక్క వదిలేయకు.

జక్కయ్యనూ వదిలేయకు. యెరికో సుంకరుల పెద్ద. యేసు వాడింటికి బసకొచ్చింది ముందు. సగం ఆస్తి పేదలకిస్తాననీ, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తాననీ వాడు లేచి చెప్పింది తర్వాత. తూకంలో కొట్టినవాడు ఆదివారం కన్నీళ్లు పెట్టుకుని, సోమవారం అదే తూకం పట్టుకుంటే కుదరదు. ఇంటి ఆడమనిషిని కొట్టినవాణ్ని కూడా "దేవుడు క్షమించాడు, నువ్వూ సర్దుకో" అని ఆ అమ్మాయి మీదికి తోసేయకు. బాగుచేసుకోవాల్సింది కొట్టినవాడు.

ప్రసంగానికి ముందు పురుషోత్తమ చౌదరి కీర్తన ఒకటి పాడించు. పర్లాకిమిడి ప్రాంతంలో 1803లో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టినవారాయన. 1833లో బాప్తిస్మం తీసుకున్నారు, 1890 దాకా బతికారు. ఆయన తెలుగు కీర్తనల్లో దయ కోసం వేడుకునే పాపి ఎదుటివాడు కాదు, తానే. నువ్వూ వేదిక మీద "మీరు పాపులు" అనకుండా "మనం" అను.

మిగతా ఆరు మాటలవాళ్లకూ సమయం కావాలి, పది నిమిషాలు దాటనివ్వకు. వాక్యం మైకు ముందు తడుముకోకుండా లూకా 23వ అధ్యాయం ఇంట్లో రెండుసార్లు పైకి చదువుకో. రాసుకున్న కాగితం ముందే పంపితే మామయ్య ఓసారి చూసి పెడతాడు.

ఇట్లు,
మీ మామయ్య