జీర్ణాశయ క్యాన్సర్ – సూక్ష్మజీవుల పాత్ర

క్యాన్సర్ అంటువ్యాధి కాదు. రోగి పక్కన కూర్చున్నందువల్ల గాని, అతనికి సేవ చేసినందువల్ల గాని అది మరొకరికి సోకదు. అయితే కొన్ని క్యాన్సర్లకు బీజం వేసే సూక్ష్మజీవులు మాత్రం ఒకరి నుండి మరొకరికి సంక్రమిస్తాయి. జీర్ణాశయ క్యాన్సర్ విషయంలో అటువంటివి రెండు ఉన్నాయి: ఒకటి బ్యాక్టీరియా, రెండవది వైరస్. వీటిలో బ్యాక్టీరియాను మందులతో నిర్మూలించవచ్చు. కనుకనే ఈ విషయం ప్రతి కుటుంబమూ తెలుసుకోదగినది.

హెలికోబ్యాక్టర్ పైలోరి

జీర్ణాశయంలో ఊరే ఆమ్లం చాలా తీవ్రమైనది. అందులో ఏ సూక్ష్మజీవీ స్థిరనివాసం ఏర్పరచుకోలేదని వైద్యులు చాలాకాలం భావించారు. కడుపులో పుండ్లకు ఆందోళన, కారం, పులుపు కారణాలని చెప్పేవారు. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్, బారీ మార్షల్ అనే వైద్యులు 1982లో రోగుల జీర్ణాశయ పొర నుండి మెలి తిరిగిన ఒక బ్యాక్టీరియాను తీసి ప్రయోగశాలలో పెంచగలిగారు. వారి వాదనను తోటివారు చాలామంది నమ్మలేదు. 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియా కలిపిన ద్రవాన్ని తానే తాగారు. కొద్ది రోజులలోనే వాంతులు మొదలయ్యాయి. పరీక్షలో ఆయన జీర్ణాశయ పొర వాచినట్లు తేలింది. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి లభించింది. అంతకు ముందే, 1994లో, ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ బ్యాక్టీరియాను మానవులలో క్యాన్సర్ కలిగించే కారకాల మొదటి వర్గంలో చేర్చింది. పొగాకు కూడా ఆ వర్గంలోనిదే.

ఈ బ్యాక్టీరియా యూరియేజ్ అనే ఎంజైమును తయారుచేస్తుంది. అది యూరియాను విడగొట్టి అమ్మోనియాను పుట్టిస్తుంది; అమ్మోనియా చుట్టూ ఉన్న ఆమ్లాన్ని విరిచివేస్తుంది. ఆ రక్షణలో బ్యాక్టీరియా జిగురు పొరలోకి చొచ్చుకొనిపోయి అక్కడ ఏళ్ల తరబడి నిలిచి ఉంటుంది. కొన్ని రకాలు ఒక హానికర ప్రొటీనును జీర్ణాశయ కణాలలోకి సూది గుచ్చినట్లు ఎక్కిస్తాయి. వాటివల్ల ముప్పు మరింత ఎక్కువ.

క్యాన్సర్ ఒక్కనాటిలో పుట్టదు. మొదట పొర దీర్ఘకాలం వాచి ఉంటుంది. తరువాత అందులోని గ్రంథులు క్షీణిస్తాయి. ఆపై పేగు పొరను పోలిన కణాలు అక్కడ పుడతాయి. ఆ కణాల రూపం క్రమంగా వికృతమై, చివరకు క్యాన్సర్‌గా మారవచ్చు. ఇందుకు దశాబ్దాలు పడుతుంది. చాలామందిలో ఈ మార్పు తొలిమెట్ల దగ్గరే ఆగిపోతుంది. బ్యాక్టీరియా ఉన్న ప్రతి వందమందిలో సుమారు ఒకరి నుండి ముగ్గురికి మాత్రమే జీర్ణాశయ క్యాన్సర్ వస్తుంది. కనుక భయం అక్కరలేదు. ఉపేక్ష మాత్రం తగదు.

ఎప్‌స్టీన్–బార్ వైరస్

ఈ వైరస్‌ను 1964లో ఆఫ్రికా పిల్లల దవడలో వచ్చే ఒక కణితి కణాలలో కనుగొన్నారు. ఇది ముఖ్యంగా లాలాజలం ద్వారా వ్యాపిస్తుంది. ప్రపంచంలో వయోజనులు నూటికి తొంభైమందికి పైగా ఎప్పుడో ఒకప్పుడు దీని బారిన పడినవారే. అత్యధికులకు ఏ హానీ కలగదు. జీర్ణాశయ క్యాన్సర్లలో దాదాపు పదింట ఒక వంతులో కణితి కణాల లోపల ఈ వైరస్ కనిపిస్తుంది. అటువంటి కణితులలో, కణాల విచ్చలవిడి పెరుగుదలకు అడ్డుకట్ట వేసే జన్యువులు కొన్ని పనిచేయకుండా పోతాయి. ఈ వైరస్‌ను శరీరం నుండి పూర్తిగా తొలగించే మందు గాని, సాధారణ వినియోగంలో ఉన్న టీకా గాని నేడు లేవు.

తోడయ్యే కారణాలు

హెలికోబ్యాక్టర్ సాధారణంగా బాల్యంలోనే, ఎక్కువగా కుటుంబంలోని వారి నుండి సోకుతుంది. ఇరుకు ఇళ్లు, అపరిశుభ్రమైన నీరు దానికి దోహదం చేస్తాయి. భారతదేశంలో ఈ బ్యాక్టీరియా చాలామందిలో ఉన్నా, జీర్ణాశయ క్యాన్సర్ జపాన్, కొరియాలలో కంటే తక్కువ. దేశంలోనే మిజోరంలో మాత్రం ఇది చాలా ఎక్కువ. అంటే సూక్ష్మజీవి ఒక్కటే చాలదు. పొగాకు, ఉప్పులో ఊరవేసినవీ పొగబెట్టినవీ అయిన ఆహారాలు, వంశపారంపర్యం కూడా దానికి తోడవుతాయి.

‘గ్యాస్’ అనే ఒక్క మాట

పనికోసం నగరానికి వచ్చినవారు కడుపులో ఏ బాధ కలిగినా ‘గ్యాస్’ అని సరిపెట్టుకొని, మందుల దుకాణంలో మాత్రలు కొని నెలల తరబడి వాడుతుంటారు. మాత్ర బాధను అణచవచ్చు, బ్యాక్టీరియాను చంపదు. పైగా ప్రమాద సూచనలు కూడా మరుగున పడవచ్చు. వైద్యునితో కన్నడంలోనో, తమిళంలోనో, మరాఠీలోనో, ఒడియాలోనో మాట్లాడవలసి వచ్చినప్పుడు ‘గ్యాస్’ అన్న ఒక్క మాటతో సరిపుచ్చరాదు. బాధ ఎక్కడ, ఎంతకాలంగా, తినకముందా తిన్న తరువాతనా, ఏ మాత్రలు ఎన్నాళ్లు వాడినదీ కాగితంపై రాసుకొని వెళ్లడం మేలు.

కారణం లేకుండా బరువు తగ్గడం, తారువలె నల్లని మలం, రక్తపు వాంతి, మింగడంలో కష్టం, కొద్దిగా తినగానే కడుపు నిండిపోవడం, రక్తహీనత – వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లాలి. రక్తపు వాంతి, నల్లని మలం అత్యవసర లక్షణాలు. తల్లిదండ్రులలో గాని, తోబుట్టువులలో గాని ఈ క్యాన్సర్ వచ్చినవారుంటే ఆ సంగతి వైద్యునికి తప్పక చెప్పాలి.

పరీక్ష, చికిత్స

హెలికోబ్యాక్టర్‌ను శ్వాస పరీక్ష, మల పరీక్ష, ఎండోస్కోపీలో తీసిన చిన్న ముక్క పరీక్ష ద్వారా గుర్తిస్తారు. ఆమ్లాన్ని తగ్గించే మాత్రలు వాడుతుంటే ఫలితం తప్పుగా రావచ్చు; వాటిని ఎన్నాళ్లు ముందు ఆపాలో వైద్యుడు చెబుతాడు. చికిత్సలో ఆమ్లాన్ని తగ్గించే మందుతోపాటు కనీసం రెండు యాంటీబయాటిక్ మందులు సాధారణంగా 14 రోజులు ఇస్తారు. నాలుగు రోజులకే బాధ తగ్గిందని మానివేస్తే బ్యాక్టీరియా మందులకు లొంగకుండా మొండికేస్తుంది. పొరుగువారి చీటీ చూపి అవే మందులు కొనడం కూడా అంతే హానికరం. చికిత్స ముగిసిన నాలుగు వారాల తరువాత మళ్లీ పరీక్షించుకొని, బ్యాక్టీరియా పోయినదని నిర్ధారించుకోవాలి.

తైవాన్‌కు చెందిన మాత్సు దీవులలో 2004 నుండి ముప్పై ఏళ్లు, ఆపై వయసున్న ప్రజలకు పరీక్షలు జరిపి, బ్యాక్టీరియా ఉన్నవారికి చికిత్స చేశారు. తరువాతి సంవత్సరాలలో అక్కడ కొత్తగా వచ్చే జీర్ణాశయ క్యాన్సర్లు సుమారు సగానికి తగ్గాయి. దశాబ్దాలపాటు సాగే ఈ వ్యాధి మనిషికి దశాబ్దాల గడువును కూడా ఇస్తుంది. ఆ గడువును మాత్రలతో గడిపివేయక, ఒక్కసారి పరీక్షకు వెళ్లడమే వివేకం.