ఆఫీసు యాప్‌కి మన ఫోన్‌లో ఎంత చోటివ్వాలి?

ఆండ్రాయిడ్ యాప్ రాసే ప్రతి ఒక్కరూ కోడ్‌తో పాటు మానిఫెస్ట్ అనే ఫైల్ ఒకటి రాస్తారు. ఈ యాప్‌కి కెమెరా కావాలి, లొకేషన్ కావాలి, కాంటాక్ట్స్ కావాలి అని అందులో ఒక్కో లైన్‌లో చెప్పాలి. అక్కడ రాయని పర్మిషన్‌ని యాప్ మనల్ని అడగడం కుదరదు. అంటే "అలౌ చేయాలా?" అని ఫోన్‌లో వచ్చే ప్రతి డబ్బా వెనక, ఎక్కడో ఒక డెవలపర్ కూర్చుని టైప్ చేసిన లైన్ ఉంటుంది. ఇంకో రెండు మూడేళ్ళలో మనలో చాలామంది ఆ కుర్చీలోనే కూర్చుంటాం. ఈలోగా ఇంటర్న్‌షిప్‌ల పుణ్యమా అని అలాంటి యాప్‌లు మన ఫోన్లలోకి వచ్చేస్తాయి. సీఎస్ఈ వాళ్ళకి ఇందులో కొంత తెలిసిందే, సివిల్, మెకానికల్ మిత్రులు కాస్త ఓపిక పట్టండి. ఐఫోన్ వాళ్ళు క్షమించాలి, నా చేతిలో ఉన్నది ఆండ్రాయిడ్.

పర్మిషన్లన్నీ ఒకే రకం కాదు. ఇంటర్నెట్, వైబ్రేషన్ లాంటివి ఇన్‌స్టాల్ చేయగానే యాప్‌కి వచ్చేస్తాయి, మనల్ని అడగరు కూడా. లొకేషన్, కాంటాక్ట్స్, మైక్, కెమెరా, ఎస్సెమ్మెస్, కాల్ లాగ్ లాంటివాటికి మాత్రం ఆండ్రాయిడ్ వాళ్ళే పెట్టిన పేరు 'డేంజరస్'. 2015లో ఆండ్రాయిడ్ 6 వచ్చేదాకా లిస్ట్ మొత్తానికి ఒకేసారి ఒప్పుకోవాలి, లేదంటే యాప్ మానుకోవాలి. ఆ వెర్షన్ నుంచి ఒక్కొక్కటి విడిగా అడగడం మొదలైంది. 2019లో ఆండ్రాయిడ్ 10తో, యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే లొకేషన్ ఇచ్చే వీలొచ్చింది. తర్వాతి ఏడాది "ఈ ఒక్కసారికే" అనే ఆప్షన్, ఆ పై ఏడాది ఆండ్రాయిడ్ 12లో కచ్చితమైన చోటు బదులు సుమారు ఏరియా మాత్రమే చెప్పే ఆప్షన్ వచ్చాయి. మొత్తం మీద మంచి పనే చేశారు.

కాకపోతే ఇదంతా ఒక నమ్మకం మీద కట్టారు. మనం "వద్దు" అనగలం అని. గేమ్ విషయంలో అనగలం. కాంటాక్ట్స్ అడిగితే తీసేసి ఇంకో గేమ్ వేసుకుంటాం. హాజరు పడేది, స్టైపెండ్ లెక్క కట్టేది ఆ యాప్‌లోనే అయితే ఎక్కడ అనగలం?

ఇక్కడ చిన్న పక్కదారి, ఎంతైనా ఇది సాహితీ క్లబ్ పత్రిక కదా. మన ఫోన్లు పర్మిషన్‌ని 'అనుమతి' అంటాయి. ఇంగ్లీష్ మీడియంలో చదివిన నాకు ఈ మధ్య వరకూ అనుమతి, సమ్మతి రెండూ ఒకటే. ఆలోచిస్తే కాదు. అనుమతి పైవాడు కిందవాడికి ఇస్తాడు. సెలవు కావాలంటే హెచ్‌ఓడీ గారి అనుమతి. యాప్ మనల్ని అనుమతి అడుగుతోందంటే మనమే పైన ఉన్నట్టు. కానీ ఆ యాప్ పెట్టించింది మన బాస్. అడిగేవాడే పైన ఉన్నప్పుడు ఆ మాటకి అర్థం ఏం మిగిలినట్టు?

మా హాస్టల్‌లో ఒక సీనియర్ అన్న పోయిన సెమిస్టర్‌లో ఒక కంపెనీలో పార్ట్ టైమ్ చేశాడు. సాయంత్రాలు షాపులు తిరగాలి, వెళ్ళినట్టు యాప్‌లో ఫోటో పెట్టాలి. అంతే పని. యాప్ ఇన్ఫో తెరిచి చూస్తే లొకేషన్ అన్ని వేళలా, కాంటాక్ట్స్, కాల్ లాగ్, మైక్. షాపు ఫోటోకి కాల్ లాగ్ ఎందుకో ఎవరికీ తెలీదు. అడిగితే సూపర్‌వైజర్ "అందరూ ఇచ్చారు బాబూ, నువ్వూ ఇచ్చెయ్" అన్నాడట. ఓ ఆదివారం అన్న తెనాలిలో వాళ్ళ అమ్మమ్మ గారింట్లో భోజనానికి కూర్చుంటే ఫోన్. "ఏంటి, తెనాలి వెళ్ళావా? రేపు సాయంత్రానికి వచ్చేస్తావుగా?" తిట్టలేదు, మర్యాదగానే అడిగాడు. అప్పటినుంచి అన్న ఊరెళ్తే ఫోన్ రూమ్‌లో వదిలేసి వెళ్ళేవాడు. వాళ్ళమ్మ గారు ఫోన్ చేస్తే మేం ఎత్తి "అన్న బస్సెక్కేశాడు ఆంటీ" అని చెప్పేవాళ్ళం.

ఇది ఒక్క అన్న సంగతి కాదు. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో టీచర్లు సొంత ఫోన్‌లో యాప్ వేసుకుని, ముఖం చూపించి హాజరు వేయాలన్నారు. ఉపాధ్యాయ సంఘాలు ఒప్పుకోలేదు. హాజరు వేయమంటే వేస్తాం, దానికి పరికరం మీరే ఇవ్వండి, మా ఫోన్ ఎందుకు అన్నది వాళ్ళ వాదన. చాలామంది దీన్ని బద్ధకం కింద కొట్టిపారేశారు, నాకు మాత్రం చాలా టెక్నికల్ ప్రశ్నలా అనిపించింది. 2015లో కాలిఫోర్నియాలో ఒక సేల్స్ ఉద్యోగిని వేసిన కేసులో ఫోన్ కంపెనీ ఇచ్చిందే. అయినా డ్యూటీ అయ్యాక కూడా లొకేషన్ చూస్తున్నారని ట్రాకింగ్ యాప్ తీసేస్తే ఉద్యోగం పీకేశారని ఆమె ఫిర్యాదు. ఫోన్ ఎవరిది అన్నదొక్కటే కాదు, గడియారంలో టైమ్ ఎంత అన్నదీ ముఖ్యమే.

కంపెనీల వైపు న్యాయం లేదని అనను. ఫేక్ జీపీఎస్ యాప్‌తో మంచం మీద నుంచే హాజరు వేసేవాళ్ళు ఉంటారు, మన క్లాస్‌లో ప్రాక్సీ సంగతి నేను చెప్పాలా! చెక్ చేయడం తప్పు కాదు. అయితే హాజరు రోజుకి రెండుసార్లు పడుతుంది. ఆ రెండు క్షణాల్లో లొకేషన్ తీసుకుంటే సరిపోతుంది, ఇరవై నాలుగు గంటలు అక్కర్లేదు.

అసలు ఈ పెద్ద పర్మిషన్లలో చాలావాటికి చిన్న దారి ఒకటి ముందే ఉంది. నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది ఇదే. ఒక ఫ్రెండ్ నంబర్ యాప్‌లో పెట్టాలా? కాంటాక్ట్ పికర్ తెరిస్తే మనం ఎంచుకున్న ఒక్క నంబరే యాప్‌కి వెళ్తుంది, కాంటాక్ట్స్ పర్మిషన్‌తో పని లేదు. ఓటీపీ తనంతట తనే నిండాలా? ఎస్సెమ్మెస్ రిట్రీవర్ అని ఒకటుంది, ఆ యాప్ కోసం వచ్చిన మెసేజ్ ఒక్కటే దానికి ఇస్తుంది. బ్యాంక్ మెసేజ్‌లు, ఇంటి నుంచి వచ్చిన మెసేజ్‌లు యాప్ కంటపడవు. ఒక ఫోటో అప్‌లోడ్ చేయాలా? ఫోటో పికర్ ఉంది, గ్యాలరీ మొత్తం తెరవక్కర్లేదు. ఇవన్నీ తెలిసి కూడా మానిఫెస్ట్‌లో పెద్ద పర్మిషన్ ఎందుకు రాస్తారు? చాలాసార్లు కుట్రేమీ ఉండదని నా అభిప్రాయం. పాత ప్రాజెక్ట్ నుంచి కాపీ చేసిన మానిఫెస్ట్, "తర్వాత పనికొస్తుందిలే" అనే ధోరణి. మన మినీ ప్రాజెక్ట్‌లు ఒకసారి తెరిచి చూడండి, నవ్వొస్తుంది.

కాంటాక్ట్స్ గురించి ఇంకో మాట. నా ఫోన్‌లో ఉన్న అత్తయ్య నంబర్ నాది కాదు, అత్తయ్యది. నేను అలౌ నొక్కితే ఆవిడ పేరు, నంబర్ ఎవరి సర్వర్‌లోకో వెళ్తాయి. ఆవిడని ఎవరూ అడగలేదు.

పాపప్‌లో కాకుండా సెట్టింగ్స్ లోపలికి తీసుకెళ్ళి ఇప్పించుకునేవి కొన్ని ఉన్నాయి, అసలు జాగ్రత్త అక్కడ కావాలి. యాక్సెసిబిలిటీ సర్వీస్ ఇస్తే స్క్రీన్ మీద కనిపించేదంతా యాప్ చదవగలదు, మన బదులు బటన్లు నొక్కగలదు. చూపు లేనివాళ్ళకి సాయంగా చేసిన గొప్ప ఫీచర్ అది, హాజరు యాప్‌కి దానితో ఏం పని? యూసేజ్ యాక్సెస్ ఇస్తే ఏ యాప్‌లో ఎంతసేపు ఉన్నామో తెలిసిపోతుంది. ఆఫీస్ మెయిల్ పెట్టుకునేటప్పుడు కొన్నిసార్లు 'డివైస్ అడ్మిన్' చేయమంటారు. ఆ స్క్రీన్ చివరిదాకా చదవండి. డేటా మొత్తం చెరిపేసే అధికారం అని ఉంటే, ఉద్యోగం మానేసిన రోజు దూరం నుంచే ఫోన్ ఖాళీ చేయొచ్చు అని అర్థం. చెల్లి పెళ్ళి ఫోటోలతో సహా.

మరి చట్టం? గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం పుట్టస్వామి కేసులో చెప్పింది. 2023లో డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చింది. దాని ఆరో సెక్షన్‌లో ఒక ఉదాహరణ ఇచ్చారు, చట్టంలో అంత సులువైన ఉదాహరణ ఉంటుందని నేను అనుకోలేదు. ఒకామె టెలీమెడిసిన్ యాప్ వేసుకుంది, అది కాంటాక్ట్ లిస్ట్ కూడా అడిగింది, ఆమె సరేనంది. అయినా వైద్యానికి కాంటాక్ట్ లిస్ట్ అవసరం లేదు కాబట్టి ఆమె సమ్మతి వైద్య సేవ వరకే వర్తిస్తుందట. అద్భుతం అనుకుని పేజీ తిప్పితే ఏడో సెక్షన్. ఉద్యోగ అవసరాల కోసం, యజమానికి నష్టం రాకుండా కాపాడుకోవడం కోసం అయితే విడిగా సమ్మతి తీసుకోకుండానే డేటా వాడుకోవచ్చు. సమ్మతి బలంగా కావాల్సిన చోటే తలుపు ఓరగా తీసి పెట్టారు. రూల్స్ 2025 నవంబర్‌లో వచ్చాయి, ముఖ్యమైన సెక్షన్ల అమలుకి 18 నెలల గడువు ఇచ్చారు. 'ఉద్యోగ అవసరం' అంటే ఎంతవరకు అన్నది ఇక ముందు తేలాలి.

అప్పటిదాకా మన చేతిలో ఉన్న మంచి పనిముట్టు వర్క్ ప్రొఫైల్. 2014లో ఆండ్రాయిడ్ 5తో వచ్చింది. ఒకే ఫోన్‌లో రెండు గదులు అన్నమాట. ఆఫీసు గదిలోని యాప్‌ల మీద చిన్న బ్రీఫ్‌కేస్ గుర్తు ఉంటుంది. అక్కడి యాప్‌కి మన గదిలో ఉన్న కాంటాక్ట్స్, ఫోటోలు కనపడవు. సాయంత్రం ఆ గదిని పాజ్ చేస్తే అందులోని యాప్‌లన్నీ ఆగిపోతాయి. ఉద్యోగం మానేస్తే కంపెనీ ఆ గది ఒక్కటే చెరుపుతుంది. ఆఫర్ లెటర్ వచ్చాక జీతం గురించి అడిగినట్టే "సొంత ఫోన్ అయితే వర్క్ ప్రొఫైల్ ఇస్తారా?" అని హెచ్‌ఆర్‌ని అడగొచ్చు, అందులో మొహమాటం ఏమీ లేదు. వాళ్ళు ఇవ్వకపోతే షెల్టర్, ఐలాండ్ అనే యాప్‌లతో మనమే ఆ రెండో గది కట్టుకోవచ్చు. షెల్టర్ ఓపెన్ సోర్స్, కోడ్ చదవాలనిపిస్తే చదవండి.

ఇప్పటికే ఏదో ఒక యాప్ ఫోన్‌లో ఉన్నవాళ్ళు సెట్టింగ్స్‌లో ప్రైవసీ డ్యాష్‌బోర్డ్ తెరవండి. గత 24 గంటల్లో లొకేషన్, మైక్, కెమెరా ఎవరు ఎన్నింటికి వాడారో టైమ్‌తో సహా ఉంటుంది. రాత్రి రెండింటికి హాజరు యాప్ లొకేషన్ తీసుకున్నట్టు కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, అడగడానికి పనికొస్తుంది. ఇంటర్న్‌షిప్ అయిపోయాక యాప్ తీసేద్దామంటే అన్‌ఇన్‌స్టాల్ కాకుండా మొరాయిస్తే కంగారు పడకండి. సెట్టింగ్స్‌లో డివైస్ అడ్మిన్ యాప్స్ అని సెర్చ్ చేసి, అక్కడ దాన్ని ఆఫ్ చేసి మళ్ళీ ప్రయత్నించండి.