రాత్రి రెండు గంటలకు నడిచే పని

కర్నూలులోనూ కడపలోనూ మెయిల్ సర్వర్లు చూసుకుంటూనే నా ఉద్యోగకాలమంతా గడిచింది. సిమెంటు ఫ్యాక్టరీ, నాపరాళ్ల వ్యాపారి, కాలేజీ, ఆసుపత్రి, ఎవరి మెయిల్ వాళ్లకు ప్రాణం. ఇప్పుడు ఆ పని చేతికి తీసుకుంటున్న పిల్లలు “సార్, బ్యాకప్‌కు ఏ సాఫ్ట్‌వేర్ పెట్టాలి?” అని అడుగుతారు. సాఫ్ట్‌వేర్ ఏదైనా ఫరవాలేదు. దానికంటే ముందు తెలుసుకోవాల్సినవి ఉన్నాయి, అవి రాస్తున్నాను.

1. రెండో కాపీ వేరే నది పక్కన ఉండాలి.

కర్నూలు వాళ్లు 2009 అక్టోబరు 2ను మరిచిపోలేరు. గాంధీ జయంతి, శుక్రవారం, ఆఫీసులన్నీ తాళాలేసి ఉన్నాయి. తుంగభద్ర, హంద్రీ రెండూ ఒక్కసారే పొంగాయి. కింద శ్రీశైలం జలాశయానికి 25 లక్షల క్యూసెక్కుల దాకా వచ్చిపడ్డాయి. ఆ డ్యాముకు లెక్కగట్టిన వరద 19 లక్షలే. నీళ్లు ముందుకు పోలేక ఊరి మీదికి ఎగదన్నాయి. పాతబస్తీలో జనం మిద్దెలెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. సర్వర్ కింది అంతస్తులో, బ్యాకప్ డిస్కు అదే గది బీరువాలో పెట్టుకున్నవాళ్లకు రెండూ ఒకే బురదలో దొరికాయి.

కరువు సీమలో వరదేమిటని ఎవరూ అనుకోకండి. కర్నూలు కాపీని నేను కడపలో పెట్టించాను. కడపకు భయం లేదని కాదు. బుగ్గవంక ఆ ఊరినీ ముంచింది. 2021 నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట వైపు ఊళ్లు కొట్టుకుపోయాయి. అయితే కె.సి. కాలువ రెండు ఊళ్లనూ కలిపినా, కర్నూలును ముంచేది తుంగభద్ర, కడపకు వచ్చే నీళ్లు పెన్నా వైపువి. మధ్యన 200 కిలోమీటర్ల దారి. ఒకే రోజు రెండూ మునగడం అరుదు. మీ ఊరికి ఏది ముప్పో చూసి, ఆ ముప్పు చేరని చోట కాపీ పెట్టండి.

2. మొదటి కాపీ బస్సులో పోతుంది.

ఒక టెరాబైటు మెయిల్‌ను 20 మెగాబిట్ల లైనులో పంపాలంటే, లైను ఒక్క క్షణం తెగకుండా ఉన్నా నాలుగున్నర రోజులు పడుతుంది. అందుకని మొదటి పూర్తి కాపీని హార్డ్‌డిస్కులో ఎక్కించి, తాళం వేసిన పెట్టెలో పెట్టి, నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా మనిషినే పంపేవాళ్లం. ఆ తర్వాత రోజూ కొత్తగా వచ్చినవి మాత్రమే లైను మీద పోతాయి. వాటికి ఒక రాత్రి చాలు.

3. రెండు గంటలనేది ఎవరి రెండు గంటలు?

క్రాన్‌లో 0 2 * * * అని రాసేసి నిద్రపోవడం అందరికీ అలవాటు. అది రాసేముందు రెండు వారాల లాగ్ తీసి చూడండి. ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీల్లో రాత్రి షిఫ్టుకు రెండు గంటలంటే నిండు పని వేళ. లోడింగ్ మెయిళ్లు అప్పుడే పోతుంటాయి. కాలేజీలో ఫలితాల ముందు రాత్రి సర్వర్‌కు విరామమే ఉండదు. కరెంటు కోతల వేళలు, యూపీఎస్ ఎంతసేపు ఆగుతుందన్నది కూడా అదే కాగితం మీద రాసుకోండి. మన ఊళ్లలో మే నెల ఎండకు బ్యాటరీలు త్వరగా దెబ్బతింటాయి. కాబట్టి చలికాలంలో కట్టిన లెక్కను నమ్ముకోకండి.

సర్వర్ ఉన్న ఊళ్లోనే తీసే కాపీ అయితే శనివారం రాత్రి పూర్తిగా, మిగతా రాత్రులు మార్పులు మాత్రమే. నిన్నటి పని ఇంకా ముగియకుండానే ఇవాళ్టిది మొదలవకుండా ఒక లాక్ ఫైలు పెట్టాలి. రెండు కాపీలు ఒకదాని మీద ఒకటి నడిచి, డిస్కు మొత్తం ఊపిరాడక నిలిచిపోయిన రాత్రులు చూశాను.

4. అద్దం బ్యాకప్ కాదు.

రెయిడ్ ఉంది కదా, ఐమ్యాప్ ఉంది కదా, అన్నిచోట్లా మెయిల్ కనబడుతోంది కదా అంటారు. ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగిపోయేదాన్ని బ్యాకప్ అనకూడదు. ఆర్‌సింక్‌ను డిలీట్ ఆప్షన్‌తో నడిపితే ఆ రాత్రికే కాపీ కూడా ఖాళీ అవుతుంది. ఒక ఆఫీసులో కొనుగోళ్లు చూసే ఉద్యోగి మానేస్తూ తన మెయిల్‌బాక్స్ అంతా తుడిచేసి పోయాడు. ఆ సంగతి యజమానికి తెలిసింది టెండరు తగాదా వచ్చినప్పుడు, అంటే చాలా నెలల తర్వాత. వారం కాపీలే ఉంచుకునివుంటే ఆ మెయిళ్లు దొరికేవి కావు. నెలవారీ కాపీలు ఉండబట్టి బయటపడ్డాయి. రోజువారీవి ఏడు, వారానివి నాలుగు, నెలవి పన్నెండు ఉంచండి. జీఎస్టీ లెక్కలకు సంబంధించిన మెయిళ్లుంటే వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు దాచాలని చట్టమే చెబుతోంది.

5. మెయిల్‌తో పాటు తీయాల్సినవి.

ఖాతాల పట్టిక, మారుపేర్లు, ఫిల్టర్లు, సర్టిఫికెట్లు, డీకిమ్ తాళం, సెట్టింగుల ఫైళ్లు. ఇవి లేకపోతే లక్ష మెయిళ్లున్నా ఎవరివెవరివో తేల్చుకోవడానికే రోజులు పడుతుంది. మెయిల్‌డైర్ పద్ధతిలో ఒక్కో ఉత్తరం ఒక్కో ఫైలు, చదివారా లేదా అన్న గుర్తు ఫైలు పేరు చివరే ఉంటుంది. డవ్‌కాట్ వాడేవాళ్లు దాని సొంత బ్యాకప్ ఆదేశం వాడితే ఆ గుర్తులు చెడవు. జింబ్రా ఉచిత కూర్పులో షెడ్యూల్డ్ బ్యాకప్ ఉండదు. అక్కడ డేటాబేస్, ఎల్‌డాప్, ఉత్తరాల గోదాము మూడూ ఒకే ఘడియవి కావాలి.

6. మౌనాన్ని నమ్మకండి.

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే పెద్ద సంస్థలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేసునే చెరిపేశాడు. బ్యాకప్ తీద్దామని చూస్తే అక్కడ ఏమీ లేదు. కూర్పు సరిపడక ఆ పని కొంతకాలంగా రాత్రిరాత్రీ విఫలమవుతోంది. విఫలమైందని చెప్పే మెయిళ్లు పోయాయి గానీ, వాటికి సరైన సంతకం లేక అవతలి సర్వర్ తిప్పికొట్టింది. ఆరు గంటల డేటా పోయింది. దీన్ని వాళ్లే దాచకుండా లోకానికి చెప్పారు, అందుకు వాళ్లను మెచ్చుకోవాలి.

కాబట్టి బ్యాకప్ కబురు మెయిల్‌లో కాక ఫోన్‌కు రావాలి. విఫలమైతే రావడం చాలదు. సఫలమైనప్పుడూ రావాలి, రాని రోజు అలారం మోగాలి. అందులో సైజు, ఉత్తరాల సంఖ్య ఉండాలి. రోజూ 3 జీబీ దాకా వచ్చేది ఒకరోజు 20 కేబీ వస్తే, పక్కన ‘పూర్తయింది’ అని రాసున్నా మీరు లేచి చూడాలి.

7. సర్వర్ చేతిలో కాపీ తాళం ఉండకూడదు.

2019 ఫిబ్రవరిలో అమెరికాలో వీఎఫ్‌ఈమెయిల్ అనే మెయిల్ సంస్థలోకి ఎవడో చొరబడి, అసలు సర్వర్లతో పాటు బ్యాకప్ సర్వర్లనూ తుడిచేశాడు. అక్కడి ఖాతాదారుల ఏళ్లనాటి మెయిల్ పోయింది. అన్నీ ఒకే గుత్తి తాళాలతో తెరుచుకునేలా ఉంటే జరిగేది ఇదే. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లను రాన్సమ్‌వేర్ పట్టుకున్నప్పుడు డాక్టర్లు రోజుల తరబడి కాగితాల మీదే రాసుకున్నారు. మన ఆసుపత్రులకు ఆ కష్టం రాదని ఎవరూ పూచీ పడలేరు.

మెయిల్ సర్వర్ కాపీని నెట్టకూడదు, కాపీ యంత్రమే వచ్చి లాక్కోవాలి. ఇక ఏ తీగా తగలని డిస్కు ఒకటి బీరువాలో ఉండాలి. 2011 ఫిబ్రవరిలో ఒక సాఫ్ట్‌వేర్ లోపం వల్ల కొందరి జీమెయిల్ ఖాళీ అయినప్పుడు గూగుల్ వాళ్లు వాటిని తిరిగి తెచ్చింది టేపుల నుంచే. అంత పెద్ద సంస్థకే అక్కరకొచ్చినదాన్ని మనం పాతకాలపు పద్ధతి అని తీసెయ్యకూడదు.

8. రాసిన ప్రతిని చదివి చూడాలి.

ఈ పనికి మన కడపలోనే పెద్దమనిషి ఉన్నాడు. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ తన బంగళాలో పండితులకు జీతాలిచ్చి తాళపత్రాలు ఎత్తి రాయించాడు. ఒక ప్రతి దొరికింది కదా అని ఊరుకోలేదు. ఒకే కావ్యానికి వేర్వేరు ఊళ్ల ప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి చదివించి, తేడాలు దిద్దించి శుద్ధప్రతి చేయించాడు. ఆ బంగళా ఉన్నచోటే ఇప్పుడు ఆయన పేరిట గ్రంథాలయం నడుస్తోంది. అటు వెళ్లినప్పుడల్లా నాకు చదివి సరిచూసిన ఆ పండితులే గుర్తొస్తారు. వాళ్లు లేకపోతే కట్టలు మిగిలేవి, పాఠం మిగిలేది కాదు.

నెలకొకసారి ఒక మెయిల్‌బాక్స్ ఎంచుకోండి. ఎవరిదన్నది చీటీ తీసి తేల్చండి, లేకపోతే సులువైనదే ఎంచుకుంటాం. దాన్ని వేరే యంత్రంలో కడప కాపీ నుంచి లేపండి. ఫోల్డర్లు లెక్కపెట్టండి. ఒక పాత ఉత్తరం తెరిచి, దాని అటాచ్‌మెంటు తెరవండి. తెలుగులో రాసిన సబ్జెక్టు లైను సరిగా కనబడుతోందా, డబ్బాలుగా కనబడుతోందా చూడండి. ఎంతసేపు పట్టిందో తేదీ వేసి రాయండి. కోర్టులో మెయిల్‌ను సాక్ష్యంగా పెట్టాలంటే 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షను సర్టిఫికెట్ కావాలి, అందులో హ్యాష్ విలువ రాయాలి. కాపీ తీసిన రోజే హ్యాష్ రాసిపెట్టుకునివుంటే వకీలు అడిగినప్పుడు కంగారుండదు.

9. సర్వర్ పడిపోయిన రోజు చేసే వరస.

దీన్ని ముందే కాగితం మీద రాసి, కాపీల ఎన్‌క్రిప్షన్ తాళంతో పాటు ఇద్దరి దగ్గర ఉంచండి. ముందు ఖాళీ మెయిల్‌బాక్సులతోనే కొత్త సర్వర్ లేపి, కొత్త మెయిల్ రానివ్వండి. మనకు పంపిన అవతలి సర్వర్లు మామూలుగా నాలుగైదు రోజులు మళ్లీమళ్లీ ప్రయత్నిస్తాయి, ఆలోపు మనం లేస్తే వాళ్ల ఉత్తరం ఒక్కటీ పోదు. తర్వాత అందరికీ గడిచిన నెల మెయిల్ ఇవ్వండి. ఆపైన పాతవి సంవత్సరాల వారీగా వెనక్కి పోతూ ఎక్కించండి. జీతాలు చూసేవాళ్లు, ఆసుపత్రిలో అత్యవసర విభాగం వాళ్లు ముందు వరసలో ఉండాలి. ఎండీ గారి మెయిల్‌బాక్స్ ఎంత పెద్దదైనా వాళ్ల తర్వాతే.