రిమాండ్ కాగితం మీద సంతకం పెట్టే ముందు

పార్వతీపురం

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు జూనియర్ సివిల్ జడ్జిగా ఎంపికయ్యావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఇంటిల్లిపాదీ సంతోషించాం. శిక్షణలో మానవ హక్కుల మీద క్లాసులు కూడా ఉంటాయట, వాటికి ముందుగా ఏం చదవమంటావని అడిగావు.

నియంతృత్వం నుంచో, అంతర్యుద్ధం నుంచో బయటపడ్డ దేశాల్లో జడ్జీలకూ లాయర్లకూ హక్కుల చట్టం నేర్పడం చాలా ఏళ్లుగా జరుగుతున్న పని. 1989 తర్వాత తూర్పు యూరప్‌కి, 1994 తర్వాత దక్షిణాఫ్రికాకి, రాచరికం పోయాక నేపాల్‌కి ఆ అవసరం వచ్చింది. రాజ్యాంగం కొత్తది, కుర్చీల్లో ఉన్నది పాతవాళ్లు. ఐక్యరాజ్యసమితి 2003లో జడ్జీలు, ప్రాసిక్యూటర్లు, లాయర్ల కోసం ఒక పెద్ద శిక్షణ గ్రంథమే వేసింది. అది చదువు. చదువుతూ, ఇదంతా పరాయి దేశాల గొడవ అనుకోకు. 1950 జనవరి 26న మనదీ అలాంటి దేశమే. రాజ్యాంగం వచ్చింది గానీ 1861 నాటి పోలీసు చట్టం, 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ అలాగే ఉండిపోయాయి. దొరల కింద కొలువు చేసిన మేజిస్ట్రేట్లే మర్నాటికి ప్రాథమిక హక్కుల కాపలాదార్లయ్యారు. మన నేషనల్ జ్యుడీషియల్ అకాడమీ 1993లో గానీ ఏర్పడలేదు.

జడ్జీలకు హక్కుల శిక్షణ లేని ఆ లోటు ఎక్కడ తగిలిందో తెలియాలంటే మన దగ్గరి లేవిడి ఊరి సంగతి తెలుసుకోవాలి. 1967 అక్టోబరు 31న మొండెంఖల్‌లో గిరిజన సంఘం మహాసభ. దానికి బయల్దేరిన జనం మీద లేవిడి దగ్గర భూస్వాముల పక్షంవాళ్లు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు చనిపోయారు. కేసు నడిచింది. నిందితులు నిర్దోషులుగా బయటికొచ్చారు. ఆ తీర్పును కొండ మీద జనం ఎలా విన్నారో ఆ తర్వాత సాగిన శ్రీకాకుళం సాయుధ పోరాటమే చెప్పింది. దాని నాయకుల్లో 1969లో పంచాది కృష్ణమూర్తి, 1970 జులైలో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ఎన్‌కౌంటర్లలో చనిపోయారని పోలీసులు ప్రకటించారు. పట్టుకుని కాల్చేశారని హక్కుల సంఘాలు అన్నాయి. మనిషిని కోర్టు ముందుకే తేకపోతే ఇక మేజిస్ట్రేటు చూసేదేముంది? ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే భావించాలి, కాదని రుజువు చేసుకునే భారం అతనిదే అన్న భూబదలాయింపు చట్ట సవరణ 1970లో గానీ రాలేదు. పాలికాపు గోడునూ అప్పు తగాదానూ సకాలంలో విని ఊరట ఇచ్చే కోర్టు ఉండి ఉంటే ఈ ప్రాంతం చరిత్ర వేరేలా ఉండేదని నా గట్టి నమ్మకం.

ఇక నీ పనిలోకి వద్దాం. మేజిస్ట్రేటుగా నీ దగ్గరికి మొదట వచ్చేవి రిమాండ్లే. ఏ ఆదివారం రాత్రో నీ ఇంటికే తీసుకొస్తారు. రిమాండ్ రిపోర్టు, అరెస్టు మెమో, డాక్టరు సర్టిఫికెట్, మధ్యవర్తుల నివేదిక అన్నీ వరసగా కుట్టి ఉంటాయి. మనిషి మాత్రం వాకిట్లో, ఇద్దరు కానిస్టేబుళ్ల మధ్య నిలబడి ఉంటాడు. అతన్ని చూడకుండా సంతకం పెడితే ఏమవుతుందో విను. బీహారులోని భాగల్‌పూర్‌లో 1979-80లో ముప్పై మందికి పైగా నిందితుల కళ్లు పోలీసులు పొడిచి, యాసిడ్ పోశారు. వాళ్లను మేజిస్ట్రేట్ల ముందు హాజరుపరిచారు. ఆ గాయాలేమిటని మేజిస్ట్రేట్లు అడగలేదని సుప్రీంకోర్టే ఖత్రీ కేసులో బాధపడింది. నిందితుడికి ఉచిత న్యాయసహాయం హక్కు ఉందని చెప్పడం మేజిస్ట్రేటు బాధ్యత అని 1981లో తేల్చిందీ ఆ కేసులోనే. దాన్నీ, అరెస్టు నియమాల మీద 1996లో వచ్చిన డి.కె. బసు తీర్పునూ సారాంశాల్లో కాదు, పూర్తిగా చదువు.

చదివాక చేయాల్సింది ఇది. పోలీసుల్ని గుమ్మం అవతలికి పంపి, అతన్ని దగ్గరికి పిలిచి మాట్లాడు. అరెస్టు ఎప్పుడని కాగితంలో రాశారో నీకు ఎలాగూ కనబడుతుంది. నిన్నెప్పుడు పట్టుకొచ్చారని అతన్నే అడుగు. తేదీ చెప్పలేకపోవచ్చు. "మొన్న సంత రోజున అట్టుకొచ్చినారు బాబూ" అంటాడు. అతని ఊళ్లో సంత ఏ వారమో నీకు తెలిస్తే అరెస్టైన ఇరవై నాలుగు గంటల్లో నీ ముందుకు తేవాలన్న లెక్క అక్కడే తేలిపోతుంది. ఆ లెక్క చెప్పే రాజ్యాంగం ఇరవై రెండో అధికరణం ఎంత బట్టీపట్టినా ఆ సంత వారం తెలియకపోతే దండగ. అతను చెప్పింది చెప్పినట్టు నీ చేత్తో రాయి. "కొట్టలేదని చెప్పాడు" అన్న అచ్చు వాక్యం కింద సంతకం పెట్టేసి కాగితాలు తిరిగివ్వకు.

భాష సంగతి ఇంకా పెద్దది. సవర గిరిజన ఆడమనిషి కోర్టులో తలూపిందంటే ఒప్పుకుందని కాదు, చాలాసార్లు భయపడిందని. 1979లో భారతదేశం చేరిన అంతర్జాతీయ పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక పద్నాలుగో అధికరణం, కోర్టు భాష రాని నిందితుడికి ఖర్చు లేకుండా దుబాసీని ఇవ్వాలంటుంది. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో బడి పంతులుగా ఉంటూ సవర నేర్చుకుని, ఆ భాషకు 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చు వేశారు. బడి కోసం ఒక మాస్టారు అంత చేస్తే, మనిషిని జైలుకు పంపే అధికారం ఉన్నవాళ్లు నాలుగు మాటలైనా నేర్చుకోవద్దా? నీ వల్ల కాకపోతే దుబాసీని పిలిపించు. అతను స్టేషను తరఫున వచ్చినవాడు కాకూడదు.

బాధితులకూ హక్కులున్నాయని మరిచిపోకు. 2012 జూన్ 12న వంగర మండలం లక్ష్మీపేటలో మద్దువలస రిజర్వాయరు భూముల తగాదాలో దళితుల్ని చంపారు. అలాంటి కేసుల్లో బెయిలు విచారణప్పుడు బాధితుల మాట కూడా వినాలని అట్రాసిటీ చట్టానికి 2015లో సవరణ తెచ్చారు. ముందుముందు పెద్ద కోర్టుల్లో నీకది కావాలి.

మొదటి పోస్టింగు ఏజెన్సీ పక్కన పడితే మార్పించుకోవడానికి ఎవరి గుమ్మమూ ఎక్కకు తల్లీ. చేరే ముందు ఓ వారం ఇక్కడికి రా. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం తీసుకెళ్తాను. అక్కడి మనుషులతో నువ్వే మాట్లాడుదువుగాని.

ఇట్లు
మీ మామయ్య